కొనేవాడి లాయరు ఎవరు?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఓ ఇల్లు చేతులు మారే వరస గమనించండి. బ్రోకరు చూపిస్తాడు, బేరం కుదురుతుంది, మంచిరోజు చూసుకుని బయానా ఇచ్చేస్తారు. లోను కావాలంటే బ్యాంకువారి ప్యానెల్ లాయరు కాగితాలు చూస్తాడు. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా కొట్టు పెట్టుకున్న డాక్యుమెంట్ రైటరు దస్తావేజు తయారుచేస్తాడు. సబ్ రిజిస్ట్రారు ఫొటోలు, వేలిముద్రలు తీయించి నంబరు వేస్తాడు. వీళ్లందరి ఖర్చూ కొనేవాడి జేబులోంచే వెళుతుంది. అయినా వీళ్లలో ఒక్కరూ కొనేవాడి మనిషి కారు. మన జిల్లాల్లో ఇళ్ల తగాదాలు కోర్టుకెక్కడానికి కారణాలు వెతికితే మోసం కంటే ముందు ఈ ఖాళీయే కనిపిస్తుంది.

ఇంగ్లండులో స్థిరపడ్డ మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు ముందుగా కుదుర్చుకునేది సొలిసిటర్‌ని. కొనేవారికి ఒకరు, అమ్మేవారికి ఒకరు. సొమ్ము సొలిసిటర్ల ఖాతాల ద్వారానే చేతులు మారుతుంది. సొలిసిటరుకు వృత్తి బీమా తప్పనిసరి, ఫిర్యాదు వినడానికి వేరే వ్యవస్థ ఉంది. 1985 చట్టంతో ఈ ఒక్క పనే చేసే లైసెన్సుదారులు కూడా వచ్చారు. పైగా అక్కడి లాండ్ రిజిస్ట్రీలో పేరెక్కితే ఆ హక్కుకు ప్రభుత్వమే పూచీ. మన దేశంలో బొంబాయి, కలకత్తా హైకోర్టుల్లో సొలిసిటర్ల తరగతి వేరుగా ఉండేది. 1961 అడ్వకేట్ల చట్టం, దాని మీద 1976లో వచ్చిన సవరణ అందరినీ ఒకే గాటన కట్టేశాయి. అందుకే ఇప్పుడు బెయిలు తెచ్చే లాయరూ, విడాకులు చూసే లాయరూ, దస్తావేజులు చదవగల లాయరూ బోర్డు మీద ఒకేలా కనిపిస్తారు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయర్లు తమ గురించి ప్రకటన ఇచ్చుకోకూడదు కూడా. ఎవరు దేనిలో దిట్టో మనమే వాకబు చేసుకోవాలి.

ముందు సబ్ రిజిస్ట్రారు, డాక్యుమెంట్ రైటరు, బ్యాంకు లాయరు, ఈ ముగ్గురి సంగతి చూద్దాం.

రిజిస్ట్రేషన్ అయిపోయిందంటే ఇల్లు మనదైపోయినట్టే అన్న నమ్మకం ఎంత గట్టిదో అంత తప్పు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే, హక్కు కాదు. అమ్మేవాడికి అసలు హక్కుందా అని విచారించే అధికారం సబ్ రిజిస్ట్రారుకు లేదని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కె. గోపి కేసులో మరోసారి స్పష్టం చేసింది. పాత దస్తావేజులు చూపించకపోతే రిజిస్టరు చేయనక్కర్లేదన్న తమిళనాడు నిబంధనను అందులో కొట్టేసింది. మన రాష్ట్రంలో హక్కులేని అమ్మకాలకు ఉన్న పెద్ద అడ్డుకట్ట రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ. 2007 సవరణతో వచ్చిన ఈ సెక్షను కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగు మిగులు భూముల జాబితా సబ్ రిజిస్ట్రారు దగ్గర ఉంటుంది. అయితే సర్వే నంబరులో ఒక మూల గెడ్డ (వాగు) పోరంబోకు ఉంటే చుట్టూ ఉన్న జిరాయితీ కూడా నిషేధిత జాబితాలో చిక్కుకుంటుంది. జాబితాలో ఉండాల్సినవి కొన్నిసార్లు ఉండవు కూడా. జాబితాలో నంబరు లేదంటే భూమి శుభ్రంగా ఉందని అర్థం కాదు.

డాక్యుమెంట్ రైటర్లను తక్కువ చేసి మాట్లాడడం లాయర్లకు అలవాటే గానీ అది న్యాయం కాదు. ముప్ఫై ఏళ్లుగా ఒకే ఆఫీసు ముందు కూర్చున్న లేఖరికి ఏ గ్రామంలో ఏ నంబరు మీద పేచీ ఉందో తెలిసినంత వివరంగా చాలామంది ప్లీడర్లకు తెలియదు. ‘దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో’ అన్న మాటల ధోరణి అతని చేతికి అలవాటు. చిక్కల్లా అతన్ని తీసుకొచ్చేది సాధారణంగా బ్రోకరో, అమ్మేవాడో కావడం. 1998లో కంప్యూటర్ రిజిస్ట్రేషను, అంటే ‘కార్డ్’ వచ్చినప్పుడు ఇక రైటర్ల అవసరం తీరిపోతుందనుకున్నారు. తీరలేదు. కొట్లలో టైపుమిషన్ల బదులు కంప్యూటర్లు వచ్చాయి, వాటితోపాటు పాత ఫైలు మీదే కొత్త పేర్లు కొట్టే అలవాటూ వచ్చింది. షెడ్యూలులో దక్షిణపు ఎల్ల దగ్గర పోయినవారం వేరెవరికో రాసిన దస్తావేజులోని పొరుగువాడి పేరు మిగిలిపోతుంది. ‘గోడ ఉమ్మడి’ అని రాయాల్సిన చోట ఆ మాటే ఉండదు. సందులోకి నడిచే దారి ఎవరిదో చెప్పకుండా ‘రాస్తా’ అని ఊరుకుంటారు. ఇల్లు చేతికొచ్చాక సవరణ దస్తావేజు కావాలంటే అమ్మినవాడే మళ్లీ రావాలి. సొమ్ము పుచ్చుకున్నవాడికి వచ్చే తీరిక ఎప్పుడుంటుందో చెప్పలేం.

ఇక బ్యాంకు లాయరు. ఎక్కువమంది ధైర్యం ఇక్కడే ఉంటుంది. ‘బ్యాంకే లోను ఇచ్చిందంటే కాగితాలు బాగున్నట్టే కదండీ’ అంటారు. ఆ లాయరు క్లయింటు బ్యాంకు. అతని నివేదిక వెళ్లేది బ్యాంకుకు. చాలాచోట్ల కొనేవాడికి దాని నకలు కూడా ఇవ్వరు. అందులోని ప్రశ్న కూడా వేరు: ఈ ఆస్తి తాకట్టు పెట్టుకుంటే మా అప్పు రాబట్టుకోగలమా? హక్కులో లోపం బయటపడితే ముందు మునిగేది కొనేవాడు కట్టిన సొంత సొమ్ము. బ్యాంకు మాత్రం అతని జీతం మీద, జామీను మీద పడుతుంది. పైగా లాయరు అభిప్రాయం తప్పయినంత మాత్రాన అతన్ని శిక్షించలేరు. హైదరాబాద్ సీబీఐకి, కె. నారాయణరావు అనే ప్యానెల్ అడ్వకేటుకు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇదే చెప్పింది. మోసగాళ్లతో చేతులు కలిపినట్టు రుజువుండాలి, నిర్లక్ష్యం ఒక్కటే నేరం కాదంది. 2024 మేలో మరో తీర్పు వచ్చింది. లాయరు సేవ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదని, లోపానికి కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్లడం కుదరదని ఆ తీర్పు సారాంశం. మిగిలింది బార్ కౌన్సిల్, సివిలు కోర్టు. అంటే తర్వాత తిట్టుకోవడం కంటే ముందు జాగ్రత్తగా ఎంచుకోవడమే కొనేవాడి చేతిలో ఉన్నది. సైన్యం నుంచి రిటైరై వచ్చిన సొమ్ముతోనో, గల్ఫు సంపాదనతోనో లోను లేకుండా కొనేవారికి ఆ బ్యాంకు లాయరు కూడా ఉండడు. మన జిల్లాల్లో అలా కొనేవారు తక్కువేం కాదు.

సరే, సొంత లాయరును పెట్టుకోవాలి. ఎలాంటి లాయరును? నా లెక్కలో హైకోర్టు అనుభవం కంటే, ఇంగ్లీషు ధాటి కంటే ముందు చూడాల్సింది పాత రెవెన్యూ కాగితం చదవగలడా లేదా అన్నది. ఉత్తర కోస్తాకు అది మరీ అవసరం. కారణం ఇక్కడి చరిత్రలో ఉంది.

విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, కురుపాం, సాలూరు, మందస. 1802 శాశ్వత శిస్తు కట్టుబాటు నుంచి ఇక్కడి నేలలో చాలా భాగం ఇలాంటి జమీందారీల్లోనే ఉండేది. మధ్యలో అగ్రహారాలు, ముఖాసాలు, శ్రోత్రియాలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే చాలా ఎస్టేటు గ్రామాల్లో సర్వే, సెటిల్‌మెంటు జరిగి రైతువారీ పట్టాలు వచ్చాయి. ఇనాం గ్రామాలకు 1956 చట్టం. అందుకే ఇక్కడ హక్కు మూలం వెతికేవాడు చివరికి చేరేది సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ దగ్గరికి. ఆన్‌లైన్ భూరికార్డు వెబ్‌ల్యాండులో ఇవాళ కనిపించే పేరు నిన్నటి కంప్యూటర్ ఆపరేటరు ఎక్కించినది కావచ్చు. ఫెయిర్ అడంగల్‌లో ఆ నంబరు ‘బంద’ (చిన్న చెరువు) అనో, ‘గెడ్డ’ అనో ఉంటే దాని మీద ఎన్ని రిజిస్టర్డు దస్తావేజులున్నా లాభం లేదు. దాన్ని తెప్పించుకోకుండా అభిప్రాయం రాసే లాయరు ఫీజు ఎంత తక్కువ అడిగినా దండగే.

జిల్లాల సంగతి ఇంకో చిక్కు. ఇచ్ఛాపురంలోని ఒకే స్థలం 1936కు ముందు దస్తావేజులో గంజాం జిల్లా, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు నుంచి శ్రీకాకుళం జిల్లా. రాజాంలోని ఇల్లయితే మొదట విశాఖపట్నం, తర్వాత శ్రీకాకుళం, 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం. పాలకొండ ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉంది. జిల్లాలతోపాటు కొన్ని గ్రామాలు ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మరోదానికీ మారుతుంటాయి. ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్క ఆఫీసులోనే తీస్తే కొన్నేళ్ల లావాదేవీలు అసలు కనిపించవు. ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి 1 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే దరఖాస్తు పెట్టి పుస్తకాలు వెతికించాలి. ఇక్కడే చాలామంది లాయర్లు బద్ధకిస్తారు, ‘అంత వెనక్కి ఎందుకండీ’ అంటారు. తాత సొంతానికి కొన్న సంవత్సరం 1962 అయితే మరి ఎందుకు కాదు?

ఇలా అనుకుందాం. తాత 1962లో ఇల్లు కొన్నాడు, 1979లో వీలునామా లేకుండా పోయాడు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఇప్పుడు పెద్దకొడుకు పిల్లలు అమ్ముతున్నారు. కొడుకులు ముగ్గురూ పెద్దమనుషుల ఎదుట పాళ్లు వేసుకున్నారు, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టారు. అది రిజిస్టరు కాలేదు. ఒక తమ్ముడి కుటుంబం ఖరగ్‌పూర్‌లో, ఇంకొకరిది హైదరాబాదులో. ‘మరి అత్తల సంతకాలో?’ అని అడిగితే వచ్చే జవాబు ఈ ప్రాంతంలో ఎవరైనా విన్నదే: ‘అత్తలకి పెళ్లిలోనే పసుపు కుంకాలకింద పొలం ఇచ్చీసినాం బాబూ.’ ఇచ్చే ఉంటారు. కాగితం మాత్రం ఉండదు.

ఇక్కడ లాయర్లలోనే ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఆడపిల్లకు వాటా 2005 నుంచే అంటారు. అది ఉమ్మడి పిత్రార్జితం సంగతి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే పెళ్లికాని కూతుళ్లకు అందులో హక్కు ఇచ్చారు. 2005 కేంద్ర సవరణ దాన్ని అందరు కూతుళ్లకూ వర్తింపజేసింది. 2020లో వినీతా శర్మ తీర్పు తండ్రి అప్పటికి బతికున్నాడా లేదా అన్న సందేహం తీర్చింది. తాత సొంత సంపాదనతో కొన్న ఇల్లయితే దానికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం కిందే కూతుళ్లు కొడుకులతో సమాన వారసులు. పై ఉదాహరణలో నాయనమ్మ తాత కంటే ముందే పోయి ఉంటే ఇద్దరు అత్తలకూ చెరో అయిదో వంతు ఉంది, వారు పోతే వారి పిల్లలకు ఉంది. ఇంటికి ధర పెరిగిననాడు ఆ పిల్లల్లో ఒకరికి ఈ సంగతి తెలుస్తుంది. కనుక లాయరు వేయాల్సిన మొదటి ప్రశ్న వంశవృక్షం గురించి. ఎవరు చనిపోయారు, ఎప్పుడు, ఎవరున్నారు, మైనర్లున్నారా. మైనరు ఆస్తి అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. దూరాన ఉన్నవాళ్లు రిజిస్టర్డు పవర్ పంపించవచ్చు. విదేశంలో ఉన్నవారైతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు చేయించాలి. జీపీఏ కాగితాన్నే అమ్మకంగా చూపించేవారికి మాత్రం దండం పెట్టేయాలి. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి వాటితో హక్కు రాదని తేల్చేసింది.

గుడి భూములు, డి-పట్టాలు, ఏజెన్సీ: ఈ మూడూ ఈ ప్రాంతపు లాయరుకు వేరే చెప్పక్కర్లేని పాఠాలు. విజయనగరంలో మాన్సాస్ ట్రస్టు ఉంది. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు 1958లో స్థాపించారు, దాని కింద వేల ఎకరాలున్నాయి. ఊరూరా చిన్న గుళ్లకు ఇనాములున్నాయి. దేవాదాయ చట్టం కింద కమిషనరు అనుమతి లేని అమ్మకం చెల్లదు. అర్చకుడి పేరు అడంగల్‌లో ఉందంటే అతను యజమాని అనుకోవడం ఖరీదైన పొరపాటు. డి-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూముల మీద 1977 చట్టం ఉంది. 20 ఏళ్లు దాటితే సొంతమవుతుందని 2023లో సవరించారు, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు షెడ్యూల్డు గ్రామాల్లో గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడి దగ్గర కొన్నా 1959 నాటి 1వ రెగ్యులేషను, దాని 1970 సవరణ కింద చెల్లదు.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి పూసపాటిరేగ, డెంకాడ, రణస్థలం దాకా పరుచుకున్న వెంచర్ల గురించి కొంచెం చెప్పాలి. బ్రోషరు మీద రంగురంగుల గేటు ఉంటుంది. లాయరు అడగాల్సింది లేఅవుట్ పర్మిట్ (ఎల్పీ) నంబరు, దాన్ని ఇచ్చిన సంస్థ. కొన్ని చోట్ల వీఎంఆర్‌డీఏ, కొన్ని చోట్ల బొబ్బిలి, శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థలు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరా నంబరు తప్పనిసరి. రెరా కింద రిజిస్టర్డు అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకుంటే చాలామంది ఏజెంట్ల గొంతు మెత్తబడుతుంది.

ఈసీ గురించి అందరికీ తెలుసు, అది చెప్పనివి మాత్రం తక్కువమందికి తెలుసు. రిజిస్టరు కాని వీలునామా, నోటి పంపకం, కోర్టులో నడుస్తున్న దావా, దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఈసీలో కనిపించకపోవచ్చు. దావా పెండింగులో ఉండగా కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే, ఆ సంగతి తనకు తెలియదన్నా చెల్లదు. అందుకని అమ్మేవారి పేర్ల మీద జిల్లా కోర్టుల వెబ్‌సైటులో వెతకడం, బ్యాంకు తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ రిజిస్టరు చూడడం, అసలు దస్తావేజు కళ్లారా చూడడం లాయరు పని. జిరాక్సు చూపించి ‘అసలు బీరువాలో ఉంది’ అంటే బీరువా తెరిపించాల్సిందే.

రీసర్వే ఈ పనిని తేలిక చేయాల్సింది. 2020 డిసెంబరులో మొదలుపెట్టిన సర్వే తర్వాత గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. దస్తావేజు పాత నంబరుతో, పాసుపుస్తకం కొత్త నంబరుతో. అన్నదమ్ముల భూములు కలిపి ఒకే ఉమ్మడి ఎల్పీఎం వేసిన చోట్ల అమ్మకమే ఆగిపోయింది. దానితోపాటు వచ్చిన భూహక్కుల చట్టం ఇంగ్లండు తరహాలో హక్కుకే పూచీ ఇస్తానంది. అయితే తగాదాలను సివిలు కోర్టుల నుంచి తప్పించి అధికారుల చేతిలో పెట్టింది. లాయర్లు రాష్ట్రమంతా కోర్టులు బహిష్కరించారు, 2024లో కొత్త ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేసింది. లాయర్లు తమ పొట్ట కోసమే అరిచారని అన్నవాళ్లున్నారు. కొంత నిజం ఉండవచ్చు. కానీ ఈ ప్రాంతపు రికార్డుల నాణ్యత చూసినవాడు తహసీల్దారు స్థాయి మాటే దాదాపు ఆఖరు మాట కావడానికి ఒప్పుకోలేడు. పూచీ ఇచ్చే ముందు రికార్డు బాగుపడాలి. అప్పటిదాకా కొనేవాడికి లాయరే దిక్కు.

ఎంపిక ఎలా? ఆ ఊరి సివిలు కోర్టులో స్వత్వం, భాగపరిష్కారం దావాలు నడిపే వారి పేరు ఇద్దరు ముగ్గురిని అడిగితే తెలుస్తుంది. బ్రోకరు ‘మా లాయరున్నారు’ అంటే మర్యాదగా తప్పుకోండి. అమ్మేవారి తరఫున ఇంతకు ముందు పనిచేశారా అని మొహమాటం లేకుండా అడగాలి. ఒకరి తరఫున పనిచేసిన లాయరు అదే విషయంలో ఎదుటివారికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ నియమం. లాయరు దగ్గరికి బయానాకు ముందే వెళ్లాలి. ఇచ్చాక వెళితే ఆయన ఏం చెప్పినా మన మనసు వినదు, డబ్బు అప్పటికే అటు ఉంది.

పని అప్పగించేటప్పుడు అభిప్రాయం మన పేరున, రాతపూర్వకంగా కావాలని చెప్పాలి. ఏయే కాగితాల అసలు చూశారు, ఏవి నకళ్లు మాత్రమే చూశారు, ఏ సంవత్సరం దాకా వెనక్కి వెళ్లారు, ఎవరి సంతకాలు కావాలి అన్నవి అందులో ఉండాలి. ‘టైటిల్ బాగానే ఉంది’ అన్న ఒక్క వాక్యం అభిప్రాయం కాదు. ఫీజు దగ్గర గీచిగీచి బేరమాడేవారు ఒక్క లెక్క వేసుకోవాలి. 40 లక్షల ఇంటికి స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మూడు లక్షలు ఖజానాకు కట్టడానికి వెనకాడరు గానీ, అందులో చిన్న వంతు ఫీజుకు మొహం మాడ్చుకుంటారు.

అగ్రిమెంటు లాయరే రాయాలి. లోపం బయటపడితే ఎన్నాళ్లలో డబ్బు వాపసు, ఇంటిపన్ను, కరెంటు బకాయిలు ఎవరివి, అద్దెకున్నవారిని ఎవరు ఖాళీ చేయించాలి అన్నవి అక్కడే తేలాలి. నగదుగా 20 వేలు, ఆపైన ఇవ్వడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. 50 లక్షలు, ఆపై ధరైతే కొనేవాడే ఒక శాతం కోసి కట్టాలి. పన్ను మిగులుతుందని తక్కువ ధర రాయించుకుంటే, అమ్మకం చెడినప్పుడు చేతికొచ్చేది రాసిన ధర మాత్రమే. దస్తావేజు ముసాయిదా రిజిస్ట్రేషనుకు రెండు రోజుల ముందు చేతికి రావాలి. లాయరు, కొనేవాడు కలిసి దాన్ని ఇంటి దగ్గరికి తీసుకెళ్లి నాలుగు ఎల్లలూ నిలబడి సరిచూడాలి. తూర్పు పక్క ఇంటివాళ్లతో ఓ మాట మాట్లాడితే లాయరు కాగితాల్లో దొరకనిది దొరకవచ్చు.

రిజిస్ట్రేషన్ అయ్యాక లాయరు ఫైలు మూసేస్తాడు, కొనేవాడు గృహప్రవేశం ముహూర్తం చూస్తాడు. అప్పటికి ఇంకా మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో ఇంటిపన్ను పాత పేరునే ఉండవచ్చు, కరెంటు మీటరూ అంతే. కొత్త దస్తావేజు ఎక్కిన ఈసీని పది రోజుల తర్వాత ఒకసారి తీసి చూడాలి. నంబరు, విస్తీర్ణం, పేర్ల అక్షరాలు సరిపోయాయా అన్నది అందులో తెలుస్తుంది. ఈ పనులు కూడా ఫీజులో కలిసే ఉన్నాయా అని మొదటి రోజే అడిగి ఉంటే లాయరు గుమాస్తానే చేసిపెడతాడు. లింకు దస్తావేజుల నకళ్లు, అభిప్రాయం, ఫెయిర్ అడంగల్ నకలు ఫైలుగా కుట్టించి తెచ్చుకోవాలి. లోనుతో కొంటే అసలు బ్యాంకులో ఉంటుంది కాబట్టి, లోను తీరే దాకా ఇంట్లో ఉండేది ఈ కట్టే.